చేస్తున్న పనీ, కాదల్చుకున్న మనిషీ

(మహిళా సంఘాల కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



శిబిరం ఏర్పాటు చేసినవాళ్లు నాకిచ్చిన అంశం 'మనం ఎవరం కావాలనుకుంటున్నాం, ఏం చేస్తున్నాం' అన్నది. మొదట విన్నప్పుడు ఇదేదో వ్యక్తిత్వ వికాసం క్లాసులా ఉందే అనిపించింది. ఆ క్లాసులవాళ్లు చెప్పేది ఒకటే, గట్టిగా అనుకుంటే అయిపోతారని. మన దగ్గరికొచ్చే ఆడవాళ్లలో గట్టిగా అనుకోకపోవడం వల్ల ఏమీ కాలేకపోయినవాళ్లు నాకెవరూ తగల్లేదు. అందుకని ఆ దారిన పోకుండా ఈ ప్రశ్నని స్త్రీల శ్రమతోనూ, మన ఉద్యమాల చరిత్రతోనూ, మన సంస్థల రోజువారీ పనితోనూ కలిపి చూద్దామనుకుంటున్నాను. స్త్రీగా పుట్టడం, స్త్రీగా తయారుకావడం గురించి సిమోన్ ద బోవా అన్న మాట మన సభల్లో ఎన్నోసార్లు విన్నదే కాబట్టి దాన్ని మళ్లీ చెప్పను.

ఆడపిల్లల్ని మనం 'పెద్దయ్యాక ఏమవుతావే?' అని అడుగుతాం. టీచరు, డాక్టరు, ఈ మధ్యయితే కలెక్టరు, పోలీసు అని చెబుతారు. పదో తరగతి దాటేసరికి ఆ ప్రశ్న అడిగేవాళ్లు తగ్గిపోతారు. పెళ్లయ్యాక పూర్తిగా ఆగిపోతుంది. ముప్ఫై అయిదేళ్ల స్త్రీని 'నువ్వింకా ఏం కావాలనుకుంటున్నావు?' అని ఎవరైనా అడగడం నేనైతే వినలేదు. అదే వయసు మగవాణ్ణి మాత్రం వేరే మాటల్లో అడుగుతూనే ఉంటాం. ప్రమోషనెప్పుడు, ఇల్లెప్పుడు కడుతున్నావు, ఈసారి సర్పంచిగా నిలబడతావా అని. స్త్రీని అడిగేది 'ఏం చేస్తుంటావమ్మా?' అని. దానికొచ్చే జవాబు మీకందరికీ తెలుసు. 'ఏం చెయ్యనండీ, ఇంట్లోనే ఉంటాను.'

ఈ 'ఏం చెయ్యను' వెనక లెక్కల రాజకీయం ఒకటుంది. సొంత పొలంలోనూ, కుటుంబ వృత్తిలోనూ కూలి లేకుండా చేసే పని కూడా పనేనని 1991 జనాభా లెక్కల ప్రశ్నలో స్పష్టంగా చేర్చారు. స్త్రీల సంఘాలూ, స్త్రీవాద ఆర్థికవేత్తలూ ఏళ్ల తరబడి పోరాడితే వచ్చిన మార్పది. కానీ వంటా, నీళ్లూ, పిల్లలూ, ముసలివాళ్ల సేవా మాత్రం ఆ లెక్కలోకి రాలేదు. 2011 లెక్కల్లో కూడా ఇంటి పని మాత్రమే చేసే స్త్రీ 'పనిచేయని' మనిషే. మరోవైపు కేంద్ర ప్రభుత్వమే జరిపిన 2024 కాల వినియోగ సర్వే ఏం చెప్పిందో చూడండి. కూలి లేని ఇంటి పని చేసేవాళ్లలో స్త్రీలు రోజుకి 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు ఆ పని చేస్తున్నారు. ఇంట్లోవాళ్ల ఆలనాపాలనా చూసేవాళ్లలో స్త్రీలు 137 నిమిషాలు, మగవాళ్లు 75 నిమిషాలు. 2019లో జరిగిన సర్వేలో ఇంటి పని స్త్రీలకి 299 నిమిషాలూ, మగవాళ్లకి 97 నిమిషాలూ ఉండేది. అంటే అయిదేళ్లలో స్త్రీలకి పది నిమిషాలు తగ్గాయి. మగవాళ్లకి తొమ్మిది నిమిషాలు తగ్గాయి! ఆ తగ్గుదలలో కూడా సమానత్వం సాధించారు మనవాళ్లు.

అందుకే స్త్రీవాద ఉద్యమం మొదటినుంచీ 'చేస్తున్న పని'ని కనిపించేలా చెయ్యడం మీద అంత శక్తి పెట్టింది. అది అవసరమే. దాన్ని తక్కువ చేసి మాట్లాడబోవడం లేదు. నా అనుమానమల్లా, చేసినదాన్ని లెక్కపెట్టించే పోరాటంలో మునిగి, ఎవరం కావాలనుకున్నామన్న రెండో ప్రశ్నని మనమే దూరం పెట్టామేమోనని. ఇవాళ మన సంస్థల్లో లెక్కకేం కొదవలేదు. ఎన్ని సమావేశాలు, ఎందరికి శిక్షణ, ఎన్ని కేసులు, ఎన్ని పరిష్కారాలు. నెలాఖరున రిపోర్టు రాస్తున్న కార్యకర్త ముఖం చూస్తే పరీక్ష రాస్తున్న పిల్ల గుర్తొస్తుంది.

ఈ రెండు ప్రశ్నల మధ్య దూరం మనతోనే మొదలుకాలేదు. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' మీలో చాలామంది చదివే ఉంటారు. చదవనివాళ్లుంటే ఈ శిబిరం అయ్యేలోగా చదవండి. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు తమ జీవితాలను తామే చెప్పుకున్న పుస్తకమది. ఆ స్త్రీలు చేసిన పనికి కొరత లేదు. దళాల్లో తిరిగారు, తుపాకి పట్టారు, కబుర్లు మోశారు, రహస్య స్థావరాలు నడిపారు. కన్నబిడ్డల్ని వదులుకున్నవాళ్లున్నారు. మామూలు రోజుల్లో గడప దాటని ఆడవాళ్లు అడవిలో రాత్రిళ్లు నడిచారు. 1951లో పోరాటం విరమించారు. విరమించాక ఏమైంది? ఇళ్లకి వెళ్లమన్నారు. కొందరికి వెళ్లడానికి ఇల్లే లేదు. ఉన్నవాళ్లకి ఆ ఇంట్లో మళ్లీ పాత చోటే దొరికింది. ఆ పుస్తకంలో ఒకరి తర్వాత ఒకరి మాటల్లో కనిపించే బాధ ఇదే. కష్టాలు పడ్డందుకు వాళ్లు బాధపడలేదు. ఆ అయిదేళ్లలో తాము వేరే మనుషులమవుతున్నామని వాళ్లకి తెలిసింది. ఉద్యమం మాత్రం వాళ్లని పనికొచ్చిన మనుషులుగా చూసింది. స్త్రీలు చేసిన పని పార్టీ చరిత్రల్లో 'సహకారం'గా, 'త్యాగం'గా నమోదైంది. ఆ రెండు మాటలూ ఎప్పుడు వినబడినా నాకు అనుమానమే. ఎవరికి సహకారం? ఎవరి కోసం త్యాగం?

నలభై ఏళ్ల తర్వాత ఇదే విషయం సారా వ్యతిరేకోద్యమంలో ఇంకో రూపంలో వచ్చింది. 1980లలో ప్రభుత్వమే 'వారుణి వాహిని' పేరుతో సారా ప్యాకెట్లు ఊరూరికీ చేర్చింది. 1991లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత కార్యక్రమం మొదలైంది. సాయంత్రం పూట అక్షరాలు దిద్దుకోవడానికి కూర్చున్న స్త్రీలు తమ ఊళ్ల గురించి మాట్లాడుకున్నారు. దూబగుంటలో సారా దుకాణం మూయించారు. ఆ కథ పాఠమై మిగతా ఊళ్లకి వెళ్లింది. 1992కల్లా వేలంపాటలు ఆపే దాకా వచ్చింది ఉద్యమం, జిల్లాలు దాటింది. 1993 ఏప్రిల్లో నెల్లూరులో, అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధించారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది. 1997లో దాన్ని ఎత్తేశారు.

తేదీలు మీకు తెలిసినవే. నేను చెప్పదల్చుకున్నది ఆ స్త్రీల గురించి పత్రికలు రాసిన తీరు. తాగి తన్నే మొగుణ్ణి దారిలో పెట్టుకోవడానికి రోడ్డెక్కిన ఇల్లాళ్లు, అపర కాళికలు అన్నారు. ఇల్లాలు కావడమో, కాళిక కావడమో తప్ప మధ్యలో పౌరురాలు కావడమన్నది ఎవరికీ తట్టలేదు. మంచినీళ్లు రాని ఊరికి సారా ఎలా వస్తోంది, దుకాణం ఎవరిది, ఆ డబ్బెక్కడికి పోతోంది అన్న ప్రశ్నలు రాజ్యాన్ని అడిగిన ప్రశ్నలు. ఆస్తీ చదువూ లేని కూలి స్త్రీలు, వాళ్లలో చాలామంది దళిత స్త్రీలు, కలెక్టరాఫీసు ముందు కూచుని అడిగారు.

ఆ తర్వాత వాళ్లకి ఏమిచ్చాం? పొదుపు. రోజుకో రూపాయి. నెల్లూరులో సారా మీద పోయే డబ్బు దాచుకోమని మొదలైంది. డ్వాక్రా, తర్వాత వెలుగు, ఇందిరా క్రాంతి పథం అంటూ పేర్లు మారుతూ వచ్చింది. పొదుపు సంఘాల వల్ల ఒరిగిందేమీ లేదనే మిత్రులు ఉన్నారు, వాళ్లతో నేను ఏకీభవించను. బ్యాంకు మేనేజరు ఎదుట కుర్చీలో కూచుని సంతకం పెట్టడం చిన్న విషయమేమీ కాదు. వడ్డీ వ్యాపారి గడప తొక్కే అవసరం కొంతైనా తగ్గింది. కానీ మార్పు ఎక్కడొచ్చిందో గమనించాలి. 1992లో ఆ స్త్రీ ప్రభుత్వాన్ని ప్రశ్న అడుగుతోంది. పదేళ్లు తిరిగేసరికి ప్రభుత్వం ప్రశ్నలు అడుగుతోంది, ఆమె జవాబు చెబుతోంది. హాజరెంత, వాయిదా కట్టావా, గ్రేడు ఎంత? సభ్యురాలు, లీడరమ్మ, మంచి రుణగ్రహీత. 2010కి వచ్చేసరికి పొదుపు సంఘాల్లో ఉన్న స్త్రీలకే సూక్ష్మ రుణ కంపెనీలు ఒకరి మీద ఒకరు అప్పులిచ్చి, వసూళ్ల పేరుతో ఇళ్ల ముందు కూచుని పరువు తీసి, ఆత్మహత్యల దాకా నెట్టాయి. ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. అప్పు తీర్చడంలో ఆడవాళ్లు నమ్మకస్తులన్న పేరు అంతకుముందు మన సభల్లో మనమే గొప్పగా చెప్పుకున్న మాట. ఆ పేరే వాళ్లని పట్టుకునే వలగా పనికొచ్చింది.

ఇక్కడ మీలో కొందరికి ఒక సందేహం రావచ్చు. అయితే ఆడవాళ్లు ఏం కావాలనుకుంటే అదల్లా మంచిదేనా అని. కాదు. 1990లో మండల్ సిఫార్సులకు వ్యతిరేకంగా రోడ్డెక్కిన విద్యార్థినులు మాకు నిరుద్యోగి భర్తలు వద్దన్న అర్థంలో ప్లకార్డులు పట్టుకున్నారు. సూసీ తారు, తేజస్విని నిరంజన ఆ రోజుల్లో దీని గురించి రాశారు కూడా. యూనివర్సిటీ చదువులు చదువుతున్న అమ్మాయిలు, రేపు తామే ఆఫీసర్లు కాగలిగినవాళ్లు, ఆఫీసర్ల భార్యలం కావాలని రోడ్డు మీద నినదించారు. పైగా ఆ ఆఫీసరు తమ కులంవాడే అయ్యుండాలన్నది చెప్పకుండానే అందులో ఉంది. బీసీ, ఎస్సీ కులాల అబ్బాయి ఉద్యోగస్తుడైతే అతను భర్త కాగలడన్న ఊహే ఆ ప్లకార్డులో లేదు. ఆ మరుసటి ఏడాది చుండూరులో దళితుల్ని చంపి కాలవలో పడేసినప్పుడు, అక్కడి అగ్రకుల స్త్రీలు ఏ పక్షాన నిలబడ్డారో కూడా మనకు తెలుసు. కాబట్టి ఎవరం కావాలనుకుంటున్నాం అన్నది మనసులో మాట ఒక్కటే అనుకోవడానికి లేదు. మన కోరికలకి కులముంది, ఇల్లుంది, మతముంది. దళిత స్త్రీలు, ముస్లిం స్త్రీలు స్త్రీవాదుల్ని అడిగిన ప్రశ్న ఇదే కదా. మీరంటున్న 'మనం' ఎవరు అని. ఆ ప్రశ్నకి జవాబు పూర్తయిందని నేననుకోవడం లేదు.

ఇంకోవైపు నుంచి కూడా చూడాలి. 'చేసే పని'ని తీసి పక్కన పెట్టి, 'నువ్వు ఫలానా' అని పొగిడి ఎత్తేసే పద్ధతి ఒకటుంది. దానికి మంచి ఉదాహరణ అంగన్‌వాడీ. 1975లో ఐసీడీఎస్ మొదలైనప్పటి నుంచీ అంగన్‌వాడీ టీచరుకి ఇచ్చేది జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. ఆమె కార్మికురాలు కాదట, సేవకురాలట, ఊరి పిల్లలందరికీ తల్లి వంటిదట. పిల్లలకి అన్నం వండాలి, బరువు తూచాలి, గర్భిణుల వివరాలు రాయాలి, ఫోన్లో యాప్ నింపాలి, ఎన్నికలొస్తే ఆ డ్యూటీ కూడా చెయ్యాలి. ఇన్ని పనులు చేసే మనిషికి కనీస వేతనం అడిగే హక్కు మాత్రం లేదు. 2022లో సుప్రీంకోర్టు వీళ్లకి గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని తీర్పిచ్చింది. 2023 డిసెంబరు 12న ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీలు కనీస వేతనం, గ్రాట్యుటీ అడుగుతూ సమ్మెకి దిగారు. 42 రోజులు చేశారు. మధ్యలో ప్రభుత్వం వాళ్ల మీద ఎస్మా ప్రయోగించింది. అత్యవసర సర్వీసుల చట్టం! గౌరవ వేతనం ఇచ్చేటప్పుడు ఆమె స్వచ్ఛందంగా సేవ చేసుకునే అమ్మ. పని ఆపినప్పుడు మాత్రం ఆమె లేకపోతే రాష్ట్రం నడవని అత్యవసర ఉద్యోగి.

కాబట్టి మన దగ్గర రెండు వైరుధ్యాలున్నాయి. అంగన్‌వాడీ టీచరు విషయంలో ఆమె ఎవరో చెప్పి ఆమె పని దాచేస్తారు. మన సంస్థల విషయంలో, మనం చేసిన పనుల జాబితా పెట్టి మనమెవరమో దాచేస్తున్నాం. రెండింటికీ మందు ఒకటే కాదు. ఆమెకి కావల్సింది వేతనం. మన సంగతి కొంచెం వివరంగా చెప్పాలి.

నేను కొంతకాలంగా కుటుంబ హింస కౌన్సెలింగ్ కేంద్రాల పని తీరు పరిశీలిస్తున్నాను. ఒక కేంద్రం పేరు చెప్పను, ఎందుకంటే ఇది ఏ ఒక్క కేంద్రానికో సంబంధించిన విషయం కాదు. ప్రతి కేంద్రంలోనూ ఒక రిజిస్టరుంటుంది. పేరు, వయసు, కులం, పెళ్లయి ఎన్నేళ్లు, పిల్లలు, ఫిర్యాదు వివరం, తీసుకున్న చర్య, ఫలితం. ఆ 'ఫలితం' గడిలో రాసేవి మూడే మాటలు. రాజీ, కోర్టు, మూసివేత. రాజీ అయితే పరిష్కారమైనట్టు. కోర్టుకి పోతే అది మన ఖాతాలోంచి పోయినట్టు. డబ్బిచ్చేవాళ్లు నెలవారీ సమీక్షలో చూసే అంకె మొదటిదే.

ఈ పద్ధతిలో ఏమవుతుందో చూడండి. వచ్చిన స్త్రీ మొదట చెప్పేది ఎప్పుడూ ఒకటే. అతన్ని పిలిపించి గట్టిగా చెప్పండి, కొట్టొద్దని చెప్పండి, తాగొద్దని చెప్పండి. ఆమె చెప్పేదంతా అతను చేసిన పనుల గురించి. మనం అడిగేదీ అదే. ఎప్పుడు కొట్టాడు, దేనితో కొట్టాడు, సాక్షులెవరు? అడగక తప్పదు, చట్టం కూడా అదే అడుగుతుంది. 1983లో వచ్చిన 498-ఎ, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 85, 86 సెక్షన్లయింది, అది అతను చేసిన నేరం గురించి. అందులో ఆమె రేపు ఎక్కడ ఉంటుంది, ఎలా బతుకుతుంది అన్న మాట లేదు, ఉండే అవకాశమూ లేదు. అతన్ని పిలిపిస్తాం. అతను వస్తాడు, తల దించుకుంటాడు, కాగితం మీద సంతకం పెడతాడు. ఆమె వెళుతుంది. ఆరు నెలలకి మళ్లీ వస్తుంది. రిజిస్టరులో అది కొత్త కేసు, కొత్త నంబరు. రెండోసారి కూడా రాజీ అయితే రెండు పరిష్కారాలు.

నిజామాబాద్ వైపు బీడీలు చేసే ఒక స్త్రీ ఇలా నాలుగోసారి వచ్చిన రోజు నేనక్కడ ఉన్నాను. భర్త గల్ఫ్ నుంచి తిరిగొచ్చి పని లేకుండా ఉన్నాడు. ఇల్లు అత్త పేరు మీద ఉంది. తునికాకు కార్ఖానాలో తీసుకొచ్చి బీడీలు చుట్టేది ఈమె. పీఎఫ్ కార్డు అత్త పెట్టెలో ఉంటుంది. కౌన్సెలర్ సీనియర్ మనిషి, మంచి అనుభవం ఉన్నావిడ. ఆ రోజు ఆవిడ ఫారం పక్కన పెట్టి అడిగింది. "నీ మొగుడి సంగతి కొంచెంసేపు వదిలెయ్యమ్మా. ఇంకో రెండేండ్లకి నువ్వెట్లుండాలనుకుంటున్నవో చెప్పు" అని. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. "నేనెట్లుంట మేడం, ఆయనెట్లుంచితె అట్లుంట" అంది ముందు. కౌన్సెలర్ ఏమీ అనకుండా ఊరుకుంది. టీ తెప్పించింది. అప్పుడు చెప్పింది ఆమె. "నా చాట నా ఇంట్ల పెట్టుకుని బీడీలు చేస్కోవాలె. ఎల్లగొడ్తరన్న భయం లేకుంట పండుకోవాలె. నా కార్డు నా తాన ఉండాలె."

ఆ జవాబులో భర్త మారాలన్న మాట లేదు. విడాకులన్న మాటా లేదు. ఇల్లు అన్న మాట ఉంది. ఆ మాట వచ్చేసరికి దారి మారింది. 2005 గృహ హింస చట్టంలో 17వ సెక్షన్ ప్రకారం, ఇల్లు ఎవరి పేరున ఉన్నా ఉమ్మడిగా కాపురమున్న ఇంట్లో ఉండే హక్కు ఆమెకుంది. 19వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు నివాస ఉత్తర్వు ఇవ్వవచ్చు. అత్తమామల పేరు మీదున్న ఇంట్లో కోడలికి ఆ హక్కు లేదన్నట్టుగా 2006లో బాత్రా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పద్నాలుగేళ్లు ఆ తీర్పు చూపించి ఎందరు స్త్రీలను గడప బయట నిలబెట్టారో మీకు నేను చెప్పక్కర్లేదు. 2020లో సతీష్ చందర్ అహుజా కేసులో ముగ్గురు జడ్జీల ధర్మాసనం ఆ అభిప్రాయం సరికాదని తేల్చింది. అత్తమామల ఇల్లయినా సరే, కాపురం అక్కడ స్థిరంగా జరిగినట్టయితే అది ఉమ్మడి నివాసమే. ఈ తీర్పు సంగతి ఆ కేంద్రంలో అంతకుముందే తెలుసు. కానీ మూడుసార్లు వచ్చినప్పుడూ అది ఆమెకి పనికొస్తుందని ఎవరికీ తోచే వీలు లేకపోయింది. ఫారం అడిగిన ప్రశ్నలు ఆ వైపు వెళ్లవు మరి. పిటిషన్ వేశారు. 23వ సెక్షన్ కింద మధ్యంతర ఉత్తర్వు వచ్చింది. ఒక గది ఆమెకిచ్చారు.

సుఖాంతమని చెప్పడం లేదు. అత్త పెరట్లో నల్లాకి తాళం వేసింది. తోడికోడలు మాట్లాడదు. భర్త ఉన్నాడు, అప్పుడప్పుడూ గొడవ పడతాడు. మొదటి విచారణ నుంచి అరవై రోజుల్లో తేల్చాలని చట్టం చెప్పినా, నేను చివరిసారి కనుక్కునేటప్పటికి రెండో ఏడు నడుస్తోంది. కాకపోతే ఆమె మళ్లీ కేంద్రానికి వచ్చింది భర్త మీద ఫిర్యాదుతో కాదు. పక్కింటామెకి తోడుగా వచ్చింది. ఆ నెల రిపోర్టులో ఈ కేసు 'కోర్టుకు' అన్న గడిలో పడింది. సమీక్షలో ఆ కేంద్రానికి పరిష్కారాలు తగ్గాయని ఎత్తి చూపారు.

డబ్బిచ్చేవాళ్లని మాత్రమే తప్పు పట్టి వదిలేద్దామా? ఆ పని సులువే. నిజానికి మన పరిస్థితి కూడా ఇరుకైంది. 2020లో విదేశీ విరాళాల చట్టానికి చేసిన సవరణ తర్వాత ఒక సంస్థ తనకొచ్చిన విదేశీ డబ్బుని ఇంకో సంస్థకి ఇవ్వడానికి లేదు, నిర్వహణ ఖర్చు ఇరవై శాతం దాటకూడదు. జిల్లాల్లో పెద్ద సంస్థల ద్వారా నాలుగు రాళ్లు అందుకుని నడిచిన చిన్న చిన్న మహిళా సంఘాలకి అది నేరుగా దెబ్బ. కౌన్సెలర్ జీతం నిర్వహణ ఖర్చా, కార్యక్రమం ఖర్చా అని తల పట్టుకున్నవాళ్లు ఇక్కడ కూడా ఉన్నారు. డబ్బు తగ్గినప్పుడు, డబ్బొచ్చే పని చెయ్యాలన్న ఒత్తిడి పెరుగుతుంది. ఈ ఏడాది కౌమార బాలికలు, వచ్చే ఏడాది జీవనోపాధులు. ఏ పని చేస్తున్నామో దాన్నిబట్టి ఎవరమో మారిపోతూ ఉంటాం. నేను చూసిన సంఘాల్లో పది పన్నెండేళ్ల కిందట 'కార్యకర్త' అని పిలుచుకున్నవాళ్లు ఇవాళ 'స్టాఫ్' అంటున్నారు. మాట మారినంత మాత్రాన మనిషి మారదనుకోవచ్చు. కానీ కార్యకర్తకి ఆదివారం ఉండదు, పెన్షనుండదు, ప్రసూతి సెలవుండదు అన్నది కూడా నిజం కదా. స్టాఫ్ కావడం వల్ల కొన్ని హక్కులొచ్చాయి. ఆ హక్కుల్ని వదులుకుని పాత త్యాగాల కాలానికి పోదామని నేననను. ఉద్యమం పేరు చెప్పి ఫీల్డు వర్కరుకి కనీస వేతనం కూడా ఇవ్వని సంస్థకీ, అంగన్‌వాడీ అమ్మల్ని పొగిడే ప్రభుత్వానికీ ఈ విషయంలో తేడా కనబడదు నాకు.

అదే విషయం మన ఆఫీసు ఊడ్చే మనిషి దగ్గరకొస్తే మరీ స్పష్టంగా కనిపిస్తుంది. మార్చి 8న కుర్చీలు వేసేది ఆమె, టీ పెట్టేది ఆమె, ఆఖర్న గ్లాసులు కడిగేది ఆమె. ఫొటోలో ఉండదు. ఇంటి పనివాళ్లకి గౌరవప్రదమైన పని పరిస్థితులు కల్పించాలని 2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ 189వ ఒడంబడిక చేసింది. మన దేశం దాన్ని ఇప్పటికీ ధ్రువీకరించలేదు. ప్రభుత్వం ధ్రువీకరించేదాకా మన ఆఫీసులో వారానికో సెలవు ఇవ్వడానికి ఎవరూ అడ్డు రారు.

నేను మీ ముందు పెట్టాలనుకున్నవి రెండు చిన్న పనులు. మొదటిది రిజిస్టరు గురించి. ఫలితం గడికి ముందు ఇంకో గడి గీయండి. ఆమె ఎలా ఉండాలనుకుంటోందో ఆమె మాటల్లోనే రాయండి, మన భాషలోకి మార్చకుండా. మొదటిరోజు చెప్పకపోతే ఖాళీగా వదిలెయ్యండి. రెండోసారి వచ్చినప్పుడు మళ్లీ అడగండి. మారితే పాతది కొట్టెయ్యకుండా కింద కొత్తది రాయండి. ఫలితం చూసేటప్పుడు ఆ గడితో పోల్చి చూడండి. పై వాళ్లకి పంపే ఫార్మాట్‌లో ఈ గడి ఉండదు, అది మన దగ్గరే ఉంటుంది. రాజీ అయిన కేసుల్లో ఎన్నింట్లో ఆ గడికీ ఫలితానికీ పొంతన ఉందో ఏడాదికోసారి కూచుని లెక్క వేస్తే, అది కూడా లెక్కే, కాకపోతే మనకోసం వేసుకున్న లెక్క.

రెండోది మన గురించి. ఏడాదికి ఒక రోజు, రిపోర్టు రాయక్కర్లేని రోజు, సంస్థలో ఉన్నవాళ్లందరూ, వంట మనిషీ డ్రైవరూ సహా, కూర్చుని ఈ ప్రశ్న ఒకరినొకరు అడగండి. డైరెక్టరు మొదట మాట్లాడకుండా ఆఖర్న మాట్లాడాలి. మొదట ఆవిడ మాట్లాడితే మిగతావాళ్లు ఆవిడ చెప్పిందే చెబుతారు, మన సంస్థల సంగతి మనకి తెలుసు కదా. ఫీల్డు వర్కర్లు చెప్పేది చాలావరకు డబ్బు గురించే ఉండొచ్చు. ఉండనివ్వండి. అద్దె కట్టలేని మనిషిని ఉన్నతమైన ఆకాంక్షలు చెప్పమని అడగడం క్రూరత్వం.

మధ్యాహ్నం మీరు గ్రూపుల్లో కూర్చుంటారు. ప్రతి గ్రూపూ తమ కేంద్రంలో రెండుసార్ల కంటే ఎక్కువ తిరిగొచ్చిన ఒక కేసు తీసుకోండి. పేర్లు తీసెయ్యండి. ఆమె మొదటిసారి వచ్చినప్పుడు మనం రాసుకున్నదేమిటో, ఆఖరిసారి రాసుకున్నదేమిటో పక్కపక్కన పెట్టండి. మధ్యలో ఆమె అన్న మాటలు ఎవరికైనా గుర్తుంటే చెప్పండి. నాలుగు గంటలకి మళ్లీ ఇక్కడ కలుద్దాం. అప్పటికి రిజిస్టర్లు తెచ్చినవాళ్లు వాటిని నా టేబుల్ మీద కాకుండా మీ దగ్గరే ఉంచుకోండి, అవి మీకే కావాలి.